కరెంటు కర్ర కొనే ముందు

మా అమ్మ దాన్ని 'కరెంటు కర్ర' అంటోంది. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారట. అందులో ఒకమ్మాయి చేతిలో జానెడు పొడుగున్న నల్ల టార్చిలాంటిది, దాని కొసన నీలం మెరుపులు, టకటకమని చప్పుడు. ఎదురుగా ఉన్నవాడు దబ్బున కింద పడ్డాడు. "రాత్రిళ్లు ల్యాబ్ నుంచి ఒక్కదానివే వస్తావు, ఒకటి ఆర్డర్ పెట్టనా?" అని ఫోన్. ధర 1,800 రూపాయలు. పెట్టె మీద 'కోటి వోల్ట్‌లు' అని రాసి ఉందట.

రెండు రోజులు ఆగమన్నాను. ఇలాంటి ఫోన్ మా ఫ్లోర్‌లో ఇంకో ముగ్గురికి కూడా వచ్చిందని తర్వాత తెలిసింది. అబ్బాయిల హాస్టల్లో ఎవరికైనా వచ్చిందా అంటే, అడిగినవాళ్లంతా నవ్వారు. సరే, మనకే వచ్చింది కాబట్టి మనమే తేల్చుకుందాం.

ముందు ఆ కోటి వోల్ట్‌ల సంగతి. ఫిజిక్స్‌లో గాలి బ్రేక్‌డౌన్ అని చదివి, పరీక్ష అవగానే మర్చిపోయాం కదా, అదే ఇది. మామూలు గాలి ఒక మిల్లీమీటరుకి సుమారు 3,000 వోల్ట్‌ల దాకా తట్టుకుంటుంది. ఆపైన స్పార్క్ దూకుతుంది. స్టన్ బేటన్ కొసన ఉండే రెండు లోహపు మొనల మధ్య దూరం రెండు సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 60,000 వోల్ట్‌లు దగ్గరపడేసరికే స్పార్క్ దూకేస్తుంది. మొనలు సూదిగా ఉంటే ఇంకా ముందే. దూకాక వోల్టేజి ఇక పెరగదు. నిజంగా కోటి వోల్ట్‌లే ఉంటే ఆ మెరుపు మూడు మీటర్లకు పైగా దూకాలి. రూమ్‌లో నొక్కితే ముందు నాకు, తర్వాత పక్క మంచం మీద పడుకున్న రూమ్మేట్‌కి తగలాలి.

కాబట్టి 50 లక్షలదా, కోటిదా, 2 కోట్లదా అని పోల్చి కొనడం దండగ. చలికాలంలో స్వెటర్ విప్పితే చిటపటలాడేది కూడా వేల వోల్ట్‌లే, దానికి ఎవరూ పడిపోరు. నొప్పి ఎంత అనేది ఒక్కో పల్స్‌లో ఎంత చార్జ్ వెళ్తోంది, సెకనుకి ఎన్ని పల్స్‌లు వెళ్తున్నాయి అనేదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో కొన్ని కంపెనీలు అందుకే వోల్ట్‌లు పక్కనపెట్టి మైక్రోకూలంబ్‌లు రాస్తున్నాయి. ఇక్కడ ఆన్‌లైన్‌లో నేను చూసిన పదకొండింటిలో ఒక్కదాని మీద కూడా ఆ అంకె లేదు.

ఇక మనిషి దబ్బున పడిపోవడం. అది టేజర్ చేసే పని, అదీ సరిగ్గా తగిలితే. టేజర్‌ని 1970ల్లో జాక్ కవర్ అనే అమెరికన్ తయారుచేశాడు. (టామ్ స్విఫ్ట్ అనే పిల్లల కథల హీరోకి ఉన్న ఎలక్ట్రిక్ రైఫిల్‌ని కుదించి ఆ పేరు పెట్టాడు. మనం మినీ ప్రాజెక్టులకి పెట్టే పేర్లకంటే నయమే.) అది వైర్లున్న రెండు ముళ్లని దూరం నుంచే విసురుతుంది. అవి ఒంటి మీద ఎడంగా గుచ్చుకుంటే ఆ మధ్యలోని కండరాలు బిగుసుకుపోతాయి. బేటన్‌లో మొనలు రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కరెంటు ఆ కాస్త చోటులోనే తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. బాగా నొప్పి పుడుతుంది, అంతే. నొప్పి పుట్టినవాడు వదిలేసి పారిపోవచ్చు, ఇంకా కోపంతో మీదికి రావచ్చు కూడా. తాగి ఉన్నవాడికి ఆ నొప్పి ఏమాత్రం తెలుస్తుందో చెప్పలేం. పైగా దాన్ని ఒంటికి ఆనించి ఉంచాలి. ఎవరి నుంచి పారిపోవాలనుకుంటున్నామో వాడి చేతికి అందేంత దగ్గరికి మనమే వెళ్లాలన్నమాట. ఈ సంగతి నేను చూసిన ఏ ప్రకటనలోనూ లేదు.

ఇంత చెప్పినా, చూడకుండా మాట్లాడకూడదని ఫైనలియర్ అక్క దగ్గర ఉన్నది ఒక వారం అరువు తెచ్చుకున్నాను. మొదటిరోజు కారిడార్‌లో నడుస్తుంటే రూమ్మేట్ వెనకనుంచి "ఇప్పుడు!" అని అరవాలి, నేను బ్యాగులోంచి తీసి నొక్కాలి. ల్యాప్‌టాప్ చార్జర్ వైరుకి చిక్కుకుని, తీసేసరికి 11 సెకన్లు. సైడ్ పాకెట్‌లో పెట్టుకుంటే 4. పరిగెత్తేవాడు సెకనుకి ఐదు మీటర్లు వస్తాడనుకున్నా 4 సెకన్లంటే 20 మీటర్లు. అంత దూరం నుంచి ముందే కనిపిస్తే ఆ బేటన్ వెతుక్కునే బదులు నేనే పరిగెత్తొచ్చు. ముందే చేతిలో పట్టుకుని ఉంటేనే లెక్క కుదిరింది.

మూడోరోజు రాత్రి చేతిలోనే పట్టుకుని బయల్దేరాను. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. రోజూ మెయిన్ రోడ్డు వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని, ఆరోజు క్యాంటీన్ వెనక దారిలో వచ్చాను. చేతిలో అది ఉందని. సగం దూరంలో చెట్టు పక్కనుంచి ఒక మనిషి కదిలాడు. నా వేలు స్విచ్‌ని ముందుకి తోసింది. ఆ బేటన్‌కి ఒకటే స్విచ్, మూడు స్థానాలు: మొదట ఆఫ్, తర్వాత టార్చి, ఆ తర్వాత షాక్. నేను షాక్ దాకా తోశాననే అనుకున్నాను. టార్చి వెలిగింది. ఆ వెలుగులో మన వాచ్‌మన్ అంకుల్, చెవి దగ్గర ఫోన్, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవరమ్మా?" అన్నాడు. అరవై దాటిన మనిషి. వేలు ఇంకొక్క క్లిక్ జరిగి ఉంటే, ఆయన ఇంకో అడుగు దగ్గరికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. ఆయన గుండె సంగతి నాకేం తెలుసు?

ఇది చెప్తే అక్క ఒక మాట అంది. "అది నా దగ్గర ఉంటే నాకు ధైర్యంగా ఉంటుందే. మూడేళ్లలో ఒక్కసారి కూడా వాడలేదు. అయినా వదల్లేను." ఆ మాట నేను కొట్టిపారెయ్యలేను. తనకి ఆ ధైర్యం పనికొచ్చింది. నన్ను మాత్రం వెళ్లకూడని దారిలోకి తీసుకెళ్లింది.

అక్కలాగా కొనాలనుకునేవాళ్లు వోల్ట్‌లు చూడకండి, స్విచ్ చూడండి. షాక్‌కి విడిగా బటన్, పొరపాటున నొక్కుకోకుండా సేఫ్టీ ఉండాలి. చీకట్లో చూడకుండా బొటనవేలికి అందాలి. మణికట్టుకి తగిలించుకునే తాడు చివర ఒక పిన్ ఉండేవి కొన్ని ఉన్నాయి. ఎవడైనా గుంజుకుంటే పిన్ ఊడి మన చేతికే మిగులుతుంది, వాడి చేతిలో అది పనిచెయ్యదు. ఇది లేనిది అసలు కొనొద్దు, ఎందుకంటే మనకంటే బలమైనవాడు లాక్కుంటాడన్నదే కదా మన భయం. కాంపాక్ట్ అని మరీ అరచేతిలో ఇమిడేది తీసుకుంటే ఇంకా దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. మరీ పొడుగుదైతే బ్యాగు అడుగుకి చేరుతుంది. టార్చి మాత్రం గట్టిగా వెలగాలి, రోజూ ఉపయోగపడేది అదొక్కటే. చార్జింగ్ వాడకపోయినా దిగిపోతుంది, నెలకోసారి పెట్టాలి.

చట్టం కూడా చూసుకోండి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. హక్కు ఉంది, కానీ అవసరమైనదానికంటే ఎక్కువ హాని చెయ్యకూడదు. 1959 ఆయుధాల చట్టం ఇచ్చే నిర్వచనంలో దాడికోసమో రక్షణకోసమో ఆయుధంగా తయారైన వస్తువులన్నీ వస్తాయి. ఇంటి పనికో పొలం పనికో మాత్రమే తయారైన లాఠీకి, మామూలు చేతికర్రకి మినహాయింపు ఉంది. అంటే మా తాతయ్య కర్ర సేఫ్. అమ్మ చెప్పే కరెంటు కర్ర గురించి కొనేముందు పోలీస్ స్టేషన్‌లో అడగడం మంచిది, 'ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారుగా' అన్నది జవాబు కాదు. విమానం ఎక్కేటప్పుడు చేతి బ్యాగులో ఎలాగూ రానివ్వరు. పెప్పర్ స్ప్రే సంగతి వేరు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగాక, హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్లు దాన్ని వెంట తెచ్చుకోవచ్చన్నారు.

నేను చివరికి పెప్పర్ స్ప్రే, ఒక మంచి టార్చి కొనుక్కున్నాను. స్ప్రేకి గాలి ఎదురొస్తే మన కళ్లే మండుతాయి, డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ కూడా ఉంటుంది. అయినా రెండు మూడు అడుగులు దూరంగా నిలబడి వాడొచ్చు, వాచ్‌మన్ అంకుల్ లాంటివాళ్లని గుర్తుపట్టడానికి ఆ దూరం సరిపోతుంది. ఫోన్‌లో పవర్ బటన్ వరసగా నొక్కితే 112కి వెళ్లే సెట్టింగ్ కూడా ఆన్ చేసుకున్నాను. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కాలో ఇప్పుడే చూసుకోండి.

క్యాంటీన్ వెనక దారిలో ఐదు లైటు స్తంభాలున్నాయి. ఆ రాత్రి ఒక్కటీ వెలగలేదు. వాటికి నంబర్లు వేసి, ఫొటోలు తీసి, మా ఫ్లోర్ నుంచి 38 సంతకాలతో ఆఫీసులో లెటర్ ఇచ్చాం. సంతకాల్లో ఆరు అబ్బాయిలవి. రెండో స్తంభం, ఐదో స్తంభం వెలిగాయి. మిగతా మూడూ సెమిస్టర్ ఎగ్జామ్స్ తర్వాత చూస్తామన్నారు. ల్యాబ్ మాత్రం ఎగ్జామ్స్ దాకా రాత్రి తొమ్మిదిన్నరకే వదులుతారు.