ముద్రల కోసం ఆడేది ఆటేనా?

వీడియో గేములలో 'అచీవ్‌మెంట్' అనబడే దానికి తెలుగులో ఇంకా స్థిరమైన పేరు లేదు. 'సాధన' అంటే అభ్యాసమనే అర్థం వస్తుంది. 'విజయం' అంటే ఆట గెలవడమనుకుంటారు. ఈ టపా వరకు దానిని 'ఘనత' అని వ్యవహరిస్తాను. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే తప్పక చెప్పగలరు. పేరేదైనా, ఆటలో ఫలానా పని చేసినందుకు తెర మూలన ఒక చిన్న ముద్ర మెరిసి, ఆడేవారి ఖాతాలో జమ కావడమే దాని స్వరూపం.

ఈ ఘనతల విషయమై రెండు వాదాలు తరచుగా వినవస్తాయి. పెద్దలు "కూడు పెట్టని ముద్రల కోసం కళ్ళు పాడు చేసుకోవడమెందుకు?" అంటారు. యువకులలో కొందరు "ఘనతలన్నీ సాధించనివాడు ఆ ఆట ఆడినట్టే కాదు" అంటారు. రెండూ తప్పేనని నా వాదం. పైకి విరుద్ధంగా కనిపించినా, రెండింటికీ మూలం ఒకటే: ఘనత విలువ దాని లెక్కలో ఉన్నదనుకోవడం. ఒకరు ఆ లెక్కను సున్న అంటారు, మరొకరు సర్వస్వం అంటారు.

మొదట్లో ఈ లెక్క లేదు. 1982లో ఆక్టివిజన్ సంస్థ తెచ్చిన 'పిట్‌ఫాల్' ఆటలో 20,000 పాయింట్లు దాటినవారు టీవీ తెరను ఫొటో తీసి సంస్థకు తపాలాలో పంపితే, చొక్కాపై కుట్టుకునే ఒక గుడ్డ బిళ్ళ వారికి తిరిగి వచ్చేది. ఆ బిళ్ళ ఒక ఆటకు, ఒక పనికి గుర్తు. అవతల ఒక మనిషి ఆ ఫొటోను చూసి ఔనన్నాడు. మన అవధానికి సభ ఉన్నట్లే ఆ ఆటగాడికీ ఒక సాక్షి ఉన్నాడు.

2005లో ఎక్స్‌బాక్స్ 360 రాకతో స్వరూపం మారింది. దుకాణంలో అమ్మే ప్రతి ఆటకూ 1000 పాయింట్లు కేటాయించి, అన్ని ఆటల పాయింట్లనూ కలిపి మనిషి పేరు పక్కన ఒకే అంకెగా నిలబెట్టారు. 2007లో స్టీమ్‌లోకి ఘనతలు వచ్చాయి. 2008లో సోనీ కంచు, వెండి, బంగారు, ప్లాటినం ట్రోఫీలను ప్రవేశపెట్టింది. అంతకుముందు ముద్ర ఆటకు చెందేది, ఆ తరువాత ఖాతాకు చెందింది. చీడ పట్టింది ఇక్కడే.

దాని ఫలితం ఎలా ఉంటుందో 2007లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చిన 'అవతార్: ది బర్నింగ్ ఎర్త్' చూపింది. అందులో ఆట మొదట్లోనే ఒకచోట నిలబడి, ఒకే దెబ్బను తెంపు లేకుండా యాభై మార్లు కొడితే చాలు, 1000 పాయింట్లూ కొద్ది నిమిషాలలో వచ్చి పడతాయి. కథ అక్కరలేదు, నైపుణ్యం అక్కరలేదు. కేవలం ఆ పాయింట్ల కోసమే ఆ ఆటను తెచ్చుకున్నవారున్నారు. వారిని ఆటగాళ్ళనడం కన్న గుమాస్తాలనడం సబబు.

"పోనీ, ముద్ర ఆశ చూపితే ఆసక్తి పెరుగుతుంది కదా?" అని అడగవచ్చు. 1973లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి బదులు చెబుతుంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే బడిపిల్లలను మూడు జట్లుగా చేశారు. గీస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండవ జట్టుకు చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగిలినవారిలో సగం సమయం మాత్రమే రంగుపెన్నులు ముట్టుకున్నారు. చెప్పకుండా బహుమతి పొందినవారి ఇష్టం తగ్గలేదు. కాబట్టి చెడుపు బహుమతిలో లేదు, దానిని ముందుగా ఎరగా వేలాడదీయడంలో ఉన్నది.

మా ప్రాంతంలోని బాసరకు ఏడాది పొడుగునా తల్లిదండ్రులు పసివాళ్ళను అక్షరాభ్యాసానికి తీసుకొస్తారు. వసంత పంచమి నాడు గోదావరి ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. పెద్దలు చెయ్యి పట్టి పలకపై దిద్దిస్తారు. ఎన్ని అక్షరాలు వచ్చాయని ఎవరూ అడగరు. పక్కబిడ్డ కన్న బాగా రాశాడా అని తూకం వేయరు. చదువుకు అది తొలి గుర్తు. చేసిన పనికి గౌరవమే తప్ప దానికి అంకె లేదు.

అదే బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉంది. పదవ తరగతిలో చూపిన ప్రతిభ ఆధారంగా పల్లెటూరి పిల్లలు ఆరేళ్ళ చదువుకు అక్కడికి వస్తారు. పలక నాటికి, ఆ ప్రవేశం నాటికి నడుమ వారి బాల్యమంతా అంకెలే. దానిని నేను తప్పుపట్టను. సీట్లు పరిమితమైన చోట లెక్క తప్పదు. కాని ఆటలో సీట్ల కొరత లేదే! ఒకరు ఆనందిస్తే మరొకరికి తరగదే! మార్కుల నుండి ఒక గంట తప్పించుకుందామని ఆట తెరిచిన పిల్లవాడి చేతిలో మళ్ళీ మార్కుల జాబితా పెట్టడం ఏ న్యాయం?

ఇంత మాత్రాన ఘనతలను రద్దు చేయమని నేననడం లేదు. మంచి ఘనత ఏమి చేయగలదో 'హాఫ్-లైఫ్ 2' రెండవ ఎపిసోడ్ (2007) చూపింది. అందులో మొదట్లో దొరికే ఒక తోటబొమ్మను ఆట పొడుగునా మోసుకెళ్ళి చివరి రాకెట్టులో పెట్టాలి. కారులో వెళుతుంటే బొమ్మ జారిపోతుంది, శత్రువు మీద పడితే దానిని కింద పెట్టాలి. పాత ఆటే, కాని మోస్తున్నది మారేసరికి దారి అంతా కొత్తగా కనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనైతే ఒకే ఒక్క తూటాతో ఆట ముగించాలన్న ఘనత ఉంది. అది తుపాకి ఆటను ఆలోచన ఆటగా మారుస్తుంది. 'ది స్టాన్లీ పారబుల్' (2013) ఇంకా ముందుకెళ్ళి, అయిదేళ్ళు ఆట ముట్టకపోతేనే ఒక ఘనత ఇస్తానంటుంది! ఘనతలను వెక్కిరించే ఘనత అది.

లెక్క లేకపోతే ఆటలు ఎవరాడతారనేవారికి నింటెండో స్విచ్ ఉదాహరణ చాలు. 2017లో వచ్చిన ఆ యంత్రానికి అన్ని ఆటల ఘనతలనూ కూడే ఖాతాయే లేదు. అయినా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దానితోపాటే వచ్చిన 'జెల్డా' ఆటలో 900 విత్తనాలు దాగి ఉంటాయి. అన్నీ ఏరినవారికి దక్కేది పెంటకుప్ప ఆకారంలో ఉన్న ఒక బంగారు వస్తువు! లెక్క కోసం ఏరేవాడికి ఇంతకన్న తగిన సన్మానం నాకు తోచదు.

కాబట్టి ఆటలు తయారు చేసే మన కుర్రకారుకు నా మనవి ఇది. ఘనత పెట్టదలిస్తే, ఆటలో ఎవరూ చూడని మూలకు దారి చూపేది పెట్టండి, లేదా చెప్పకుండా ఇచ్చి ఆశ్చర్యపరచండి. "వెయ్యిమందిని చంపు, పదివేల నాణేలు ఏరు" అనేవి కూలిపనులు, వాటికి కనీసం కూలి కూడా లేదు. తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లవాడు ముద్ర చూపించినప్పుడు "ఎన్ని వచ్చాయి?" అనకండి, "ఏం చేస్తే వచ్చింది?" అని అడగండి. వాడి దగ్గర చెప్పడానికి కథ ఉంటే అది ఘనత. అంకె మాత్రమే ఉంటే, ఆ రోజు వాడు ఆడుకోలేదన్నమాట.

విభేదించేవారు మొహమాటపడకుండా వాదానికి రావచ్చు.