ఉప్పుకీ రాగికీ చుట్టరికం

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచకూడదని మన ఇల్లాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉప్పూ పులుపూ కలిసి గిన్నెను కొరికి, అందులోని రాగిని పులుసులోకి లాగుతాయి. పులుపు మాట అలా ఉంచండి. ఉప్పు భూమి కడుపులో ఇలాంటి పనే చేసి గనులకు గనులు నింపిందని ఈ మధ్య చదివాను. లవణమనీ తామ్రమనీ పద్యాలకు అర్థాలు చెప్పుకు బతికే నాకు రెండు రోజులు వేరే ధ్యాస లేకపోయింది.

కథాస్థలం ఈనాటి జర్మనీ, పోలండు. సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట అదంతా ఎర్రటి ఎడారి. దాని మీదికి సముద్రం వచ్చింది. గాలి సోకని అడుగున చచ్చిన సూక్ష్మజీవులు పేరుకొని నల్లని బురద అయింది. తర్వాత ఎండకు నీరు మళ్లీ మళ్లీ ఇగిరి, ముందు జిప్సమూ, ఆపైన ఉప్పూ వందల మీటర్ల మందాన పడ్డాయి. కింద ఎర్ర ఇసుకరాయి, నడుమ నల్లరాయి, పైన ఉప్పు మూత. ఇదీ అమరిక.

ఎర్రరాతిలో రాగి ఉంది గాని, బహు పలచన. మామూలు నీళ్లకు అది లొంగదు. ఉప్పునీటిలోని క్లోరైడు మాత్రం దాన్ని చంకనెత్తుకుని నడుస్తుంది. ఆ నీరు లోతుల్లో వేడెక్కి పైకి పాకబోతే ఉప్పు పొర దారి ఇవ్వదు. నల్లరాతి దగ్గర చిక్కుకుంటుంది. అక్కడ గంధకం కాచుకుని ఉంది. సముద్రంలోని సల్ఫేటు నుంచి బాక్టీరియా విడగొట్టి పెట్టిన సొమ్ము అది. జిప్సంలో ఉన్నదీ ఆ సల్ఫేటే. రాగి ఉప్పును విడిచి గంధకం చెయ్యి పట్టుకుంటుంది. ఉప్పు పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట! అయితే ఈ పెళ్లి బురద పచ్చిగా ఉన్నప్పుడే జరిగిందా, రాయి అయ్యాక జరిగిందా అన్న తగువు పండితుల మధ్య ఇంకా తెగలేదు. ఉప్పు ఉన్నచోటల్లా రాగి ఉంటుందని కూడా అనుకోకండి. మూడూ కుదరాలి.

ఆ నల్లరాతిని జర్మన్లు కుప్ఫెర్‌షీఫర్ అంటారు, రాగిపలక అనుకోండి. మాన్స్‌ఫెల్డు ప్రాంతంలో దాన్ని సుమారు 800 ఏళ్లు తవ్వారు. పొర మోకాలెత్తు కూడా లేదు. అందుచేత కూలీలు పక్కకు పడుకుని, మెడ వంచి పొడిచేవారు. మెడవంకరవాళ్లని వాళ్లకు పేరే పడిపోయింది. మతసంస్కర్త మార్టిన్ లూథరు తండ్రి బతికింది కూడా అక్కడి రాగి పనిమీదనే. ఆ గనులు 1990లో మూతపడ్డాయి. ఇంత రసాయనం చదివినా, నాకు ఆ మెడలే ఎక్కువగా గుర్తుంటున్నాయి.

పోలండులో యాన్ విజికోవ్‌స్కీ 1957లో అదే పొరను 600 మీటర్ల పైచిలుకు లోతున పట్టాడు. అక్కడ ఈనాటికీ తవ్వుతున్నారు. షెరొషొవిత్సె గనిలో రాగితో పాటు, దాని నెత్తిమీది ఉప్పును కూడా తీసి అమ్ముతున్నారు.