పాపాయి మన దేశమా, వాళ్ళ దేశమా?

మా అమ్మాయి పుట్టిన నాలుగో రోజున నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశారు. మొదటి ప్రశ్న బరువెంత అని. రెండోది, "ఇంతకీ పాప మన దేశమా, వాళ్ళ దేశమా?" అని. నవ్వేసి "రెండూ నాన్నా" అన్నాను. ఆ జవాబు ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

విషయం ఏమిటంటే, నేను భారత పౌరుణ్ణి, మా ఆవిడ జర్మన్. పాప పుట్టింది మ్యూనిక్‌లో. పాస్‌పోర్టు అంటే నాకు తెలిసింది ఒకటే: ఫారం నింపడం, ఫీజు కట్టడం, ఫొటో ఇవ్వడం. కళ్ళు తెరిచి, నోరు మూసి, తిన్నగా చూస్తున్న ఇరవై రోజుల పిల్ల ఫొటో తీయడమే ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని అనుకున్నాను. అది నిజంగానే కష్టం, కానీ అసలు చిక్కు అక్కడ లేదు.

మన పౌరసత్వ చట్టం 1955 నాటిది. విదేశంలో పుట్టిన పిల్లల సంగతి దాని 4వ సెక్షన్‌లో ఉంది. 1992 డిసెంబర్ 10కి ముందు పుట్టినవాళ్ళకి తండ్రి భారతీయుడైతేనే లెక్క. అంటే మన తెలుగమ్మాయి విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుని అక్కడ బిడ్డని కంటే ఆ బిడ్డకి మన పౌరసత్వం రాదు. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళకి తల్లయినా సరే, తండ్రయినా సరే, ఒకరు భారతీయులైతే చాలు. జర్మనీ కూడా తక్కువేం తినలేదు. విదేశీయుణ్ణి పెళ్ళాడిన జర్మన్ స్త్రీ పిల్లలకి ఈ హక్కు పూర్తిగా దక్కింది 1975 నుంచే.

2004 డిసెంబర్ 3 నుంచి మన చట్టంలో ఇంకో షరతు చేరింది. పుట్టిన ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. చేయించకపోతే బిడ్డ భారత పౌరురాలు కాదు. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. చాలామంది దీన్నొక లాంఛనం అనుకుని, "ఇండియా వెళ్ళేముందు చూసుకుందాంలే" అని వదిలేస్తారు. దయచేసి అలా వదిలేయకండి.

ఆ నమోదుకి తల్లిదండ్రులు ఒక డిక్లరేషన్ ఇవ్వాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని. ఇక్కడే నా బుర్ర ఆగిపోయింది. ఎందుకంటే అదే సెక్షన్‌లో కాస్త కింద ఇంకో మాట ఉంది: ఇలా పౌరసత్వం వచ్చిన మైనరు వేరే దేశానికి కూడా పౌరుడైతే, మైనారిటీ తీరిన ఆరు నెలల్లోగా ఆ రెండోదాన్ని వదులుకోవాలి, లేకపోతే మనది పోతుంది. అంటే పద్దెనిమిదిన్నర ఏళ్ళదాకా పిల్లలు రెండు దేశాలకీ పౌరులుగా ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది! వద్దన్నది రెండో పాస్‌పోర్టుని మాత్రమే. మన భాషలో చెప్పాలంటే, పౌరసత్వం డేటాబేసులో రికార్డు, పాస్‌పోర్టు దాని ప్రింటవుటు. రెండు డేటాబేసుల్లోనూ రికార్డు ఉండొచ్చట, ప్రింటవుటు మాత్రం ఒకచోటే తీసుకోవాలట.

బాగానే ఉంది కదా, భారత పాస్‌పోర్టే తీసుకుందాం అనుకున్నాను. అప్పుడు జర్మనీ వైపు చూశాను. పాప పుట్టుకతోనే జర్మన్. నివాస అనుమతి అనేది విదేశీయులకి ఇచ్చేది కాబట్టి జర్మన్ పౌరురాలికి ఇవ్వరు. వీసా కూడా అంతే. పైగా జర్మన్ పౌరులు దేశం దాటేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు జర్మన్ పత్రం దగ్గర ఉండాలని ఇక్కడి చట్టం. అంటే భారత పాస్‌పోర్టుతో పాపని తెనాలి తీసుకెళ్ళొచ్చు గానీ, వీసా ముద్ర లేని ఆ పాస్‌పోర్టు చూసి తిరుగు ప్రయాణంలో ఏ ఎయిర్‌లైన్సూ విమానం ఎక్కనివ్వదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే కాన్సులేట్‌లో ఇచ్చిన డిక్లరేషన్ అబద్ధమైపోతుంది. అమెరికాలో పుట్టిన పిల్లలదీ ఇదే కథ. అమెరికా పౌరులు అమెరికా పాస్‌పోర్టుతోనే రావాలి, వాళ్ళకి వీసా ఇవ్వరు.

కాబట్టి కాగితం మీద ఉన్న ఛాయిస్, పాప ఇక్కడ పెరుగుతున్నంతకాలం, నిజానికి లేదు. పద్దెనిమిదేళ్ళు నిండాక తనే తేల్చుకోమని చట్టం ఇచ్చిన గడువుని ఒక డిక్లరేషన్ మొదటి ఏడాదే మింగేస్తోంది.

"ఒకే దేశానికి విధేయత ఉండాలి" అనే వాదన నాకు అర్థమవుతుంది. పెద్దయ్యాక తన ఇష్టప్రకారం వేరే పౌరసత్వం తీసుకున్నవాడిని అడగండి, తప్పులేదు. మెడ నిలబెట్టలేని పిల్ల విధేయత గురించి ఏం అడుగుతాం? జర్మనీ 2024 జూన్ 27 నుంచి పెద్దవాళ్ళకి కూడా పాత పౌరసత్వం వదులుకోమనే షరతు ఎత్తేసింది. మనం అంతదూరం వెళ్ళక్కర్లేదు. పుట్టుకతోనే రెండు దేశాలు వచ్చిన పిల్లల విషయంలో ఆ డిక్లరేషన్ తీసేసి, పద్దెనిమిదిన్నర దాకా ఆగితే చాలు. కొత్త సూత్రం ఏదీ అక్కర్లేదు, చట్టంలో ఇప్పటికే ఉన్న మాటని నిజం చేయడమే.

చివరికి మేమూ అందరి దారే పట్టాం. 37.50 యూరోలు కట్టి ఆరేళ్ళ జర్మన్ పాస్‌పోర్టు, ఆపైన ఓసీఐ కార్డు. ఓసీఐ మంచిదే, జీవితాంతం వీసా బాధ లేదు. కానీ అది పౌరసత్వం కాదు. ఓటు లేదు, సర్కారు ఉద్యోగం లేదు. తాతగారి పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, పక్క ఎకరం కొనడానికి లేదు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం నీట్ రాసినా ఎన్నారై సీట్లకే అర్హత. రేపు పాప మనసు మారితే దారి లేకపోలేదు. ఓసీఐగా ఐదేళ్ళు పూర్తయి, అప్లై చేసేముందు ఏడాది ఇండియాలో ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు జర్మన్ పౌరసత్వం వదులుకోవాలి.

ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్ళకి నా సలహాలు రెండే. ఏ పాస్‌పోర్టుకైనా అప్లై చేసేముందే ఇద్దరూ కూర్చుని ఇదంతా తేల్చుకోండి, ఏడాది ఇట్టే గడిచిపోతుంది. రెండోది, "ఎవరికి తెలుస్తుందిలే" అని రెండు పాస్‌పోర్టులూ బీరువాలో పెట్టుకునే తెలివి వద్దు. ఆ తప్పు మీరు చేసినా తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ పిల్లలు.

తెనాలి వెళ్ళినప్పుడు నాన్న ఓసీఐ కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మూడు సింహాలున్నాయిగా, ఇంకేం" అన్నారు. లోపల ఏం రాసి ఉందో చదివి చెప్పబోయి ఆగిపోయాను. పాప అప్పటికే ఆయన కళ్ళజోడు లాగేసింది.