వకీలు దగ్గరికి ఎప్పుడు పోతున్నం?

మీ గూడెం నుంచి ఎవరినన్నా పోలీసులు తీసుకపోతే మీరు మొదట ఫోన్ చేసేది ఎవరికి? మెండోర, బాల్కొండ, భీమ్‌గల్, ఆర్మూర్ వైపు ఉన్నవాళ్ళను అడగండి. ముందు సర్పంచికి. తర్వాత గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలకు. ఆ తర్వాత పార్టీ లీడరుకు, ఠాణాలో పరిచయమున్న పైరవీకారుకు. వీళ్ళెవరితోనూ పని కాక, చేతిలో ఉన్న పైసలు అయిపోయినంక ఆర్మూర్ కోర్టు గేటు దగ్గర నిలబడి "మంచి వకీలు ఎవరున్నరన్నా?" అని అడుగుతం. అప్పటికి ఎఫ్‌ఐఆర్ రాసేశారు, కాగితాల మీద వేలిముద్రలు పడ్డాయి, రిమాండ్ కూడా అయిపోయింది. వకీలు చేయగలిగిన పనిలో సగం అప్పటికే చెయ్యి దాటిపోయింది.

ఈ వరుస మారాలె. ఈ వ్యాసం దానికోసమే.

మన ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే ఏమిటో బయటివాళ్ళకు చెబితే నమ్మరు. పేరులో అభివృద్ధి ఉంటుంది, చేతిలో జరిమానా ఉంటుంది. పసుపు పండించే ఈ పచ్చని ఊళ్ళలో తగాదా ఏదైనా ముందు కమిటీ ముందుకే రావాలని, ఠాణాకు పోతే వెలి వేస్తామని అనడం మనలో చాలామందికి తెలిసిన సంగతే. కమిటీకి కోర్టు అధికారం లేదు. ఎస్టీ కుటుంబాన్ని వెలి వేసినా, వేస్తామని బెదిరించినా అది నేరం. అట్రాసిటీ చట్టంలో 3(1)(జెడ్‌సీ) అనే క్లాజు సరిగ్గా దీని గురించే ఉంది. కిరాణంలో సామాను ఇవ్వొద్దనడం, కూలికి పిలవొద్దనడం దాని కిందికే వస్తాయి. "ఊళ్ళె మాట, ఊళ్ళెనే తెంపుకుందాం" అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అట్రాసిటీ కేసు మాసిపోదు.

ఇంకో అయోమయం కూడా తీర్చుకోవాలె. మెండోర ఏజెన్సీ కాదు. నిజామాబాద్ జిల్లాలో ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు, కాబట్టి 1/70 చట్టం, పెసా ఇక్కడ వర్తించవు. ఆదిలాబాద్ బంధువులు చెప్పే భూమి చట్టాలన్నీ ఇక్కడ చెల్లుతాయనుకుంటే దెబ్బతింటాం. కానీ అట్రాసిటీ చట్టం, ఉచిత న్యాయ సహాయం, అరెస్టప్పటి హక్కులు ఏజెన్సీ గీతతో సంబంధం లేనివి. ఆర్మూర్ మార్కెట్ల పసుపు బస్తాలు మోసే మనిషికైనా, ఉట్నూరు గుట్టల మీది మనిషికైనా అవి ఒక్కటే.

అరెస్టు సంగతే తీసుకుందాం. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ నంబర్లు మారినయి, హక్కులు పోలేదు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపర్చాలి. విచారణ సమయంలో వకీలును కలవనివ్వాలి. ఇంటివాళ్ళకు చెప్పాలి. ఎందుకు అరెస్టు చేశారో కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు మనకు చాలా ముఖ్యం. గోండీ తప్ప వేరే భాష సరిగా రాని పెద్దమనిషి చేతిలో ఇంగ్లిష్ కాగితం పెట్టి "చెప్పినం" అంటే కుదరదు. ఈ మాట మేజిస్ట్రేటు ముందు మొదటి రోజే అనాలి. ఆరు నెలల తర్వాత అంటే బలం తగ్గుతుంది. అందుకే వకీలు మొదటి రోజే కావాలె అంటున్నం.

ఇప్పుడు రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు మహిళలు చెప్పారు. విచారణ మొదలవ్వడానికే పదేళ్ళు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు పదమూడు మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. కారణం దర్యాప్తు అధికారుల వైఫల్యం. ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో చెప్పింది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వమన్నారు. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో మీరే ఆలోచించండి.

రెండోది ఎర్రబోడు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యాడు. ఆ హత్యను ఎవరూ సమర్థించరు, మేమూ సమర్థించం. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఇద్దరు ఆదివాసులకు 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు యావజ్జీవం వేసింది. తొమ్మిది నెలలు కూడా పట్టలేదు.

ఆదివాసీ నిందితుడైతే తొమ్మిది నెలలు, ఆదివాసీ బాధితురాలైతే దాదాపు పదహారేళ్ళు. రెండు కేసులూ ఒక తీరువి కావు, సాక్ష్యాలు వేరు, నిజమే. అయినా తలుచుకుంటే కోర్టు ఎంత వేగంగా కదలగలదో ఎర్రబోడు చూపించింది. వాకపల్లికి ఆ వేగం ఎందుకు రాలేదని అడిగే హక్కు మనకుంది.

వాకపల్లి నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. వకీలు నిందితుడికే కావాలి, బాధితులకు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నాడు కదా అనుకుంటాం. ప్రాసిక్యూటర్ ప్రభుత్వం మనిషి. దర్యాప్తు పక్కదారి పడితే మొదటి నెలలోనే అడ్డం పడేది మన వకీలే. అట్రాసిటీ చట్టం 15ఏ ప్రకారం కేసులో ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలి. నిందితుడి బెయిల్ దరఖాస్తు గురించి బాధితులకు నోటీసు ఇవ్వడం తప్పనిసరి అని 2021లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు వచ్చిన రోజున కోర్టులో మన తరఫున నిలబడేటోళ్ళు లేకపోతే ఆ హక్కు కాగితం మీదనే ఉండిపోతుంది. డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి దర్యాప్తు చేయాలి, అరవై రోజుల్లో ముగించాలి. ఇవి జరుగుతున్నాయా అని తేదీలు లెక్కపెట్టేది కూడా వకీలే.

సరే, వకీలును ఎట్లా వెతకాలి? నెట్‌లో "టాప్ టెన్ అడ్వకేట్లు" అని కనిపించే జాబితాలను పక్కన పెట్టండి. వకీళ్ళు ప్రకటనలు ఇచ్చుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. అట్లా పేర్లు అమ్ముకునే వెబ్‌సైట్ల మీద చర్య తీసుకోవాలని 2024 జులైలో మద్రాసు హైకోర్టు కూడా చెప్పింది. చుక్కలు ఇచ్చి మెచ్చుకున్నంత మాత్రాన ఆ వకీలుకు అట్రాసిటీ కేసు నడపడం వచ్చినట్టు కాదు.

దానికంటే ఒక పొద్దున ఆర్మూర్ కోర్టులో, ఇంకో పొద్దున నిజామాబాద్‌లో ఎస్సీ ఎస్టీ కేసులు నడిచే కోర్టు హాలులో కూర్చోండి. సాధారణంగా ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ వెళ్ళగొట్టరు. ఎవరు ఫైలు చదువుకొని వస్తున్నారు, ఎవరు ఊరికే వాయిదా అడుగుతున్నారు, ఎవరు క్లయింటుతో మర్యాదగా మాట్లాడుతున్నారు, రెండు గంటల్లో తెలిసిపోతుంది. తర్వాత మాట్లాడేటప్పుడు సూటిగా అడగండి: ఇట్లాంటి కేసులు ఎన్ని చూశారు, పేషీకి మీరే వస్తారా జూనియర్‌ను పంపుతారా, ఫీజు ఎంత, ఏ దశకు ఎంత. అడిగితే కోపం వచ్చే వకీలు రేపు ఫోన్ కూడా ఎత్తడు. ఫీజు కట్టినందుకు రసీదు అడగండి. ఖాళీ కాగితాల మీద, ఖాళీ వకాలత్‌నామా మీద సంతకాలు వద్దు. "పైసలొస్తే సగం నాకు" అనే ఒప్పందం చెల్లదు, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. వకీలును మార్చుకోవాలంటే ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకొని కూర్చోవడానికి వీల్లేదని 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పైసలు లేవా? ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ఆ మాట నేరుగా అంటుంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకూ పిల్లలకూ కూడా ఇది ఉంది. నిజామాబాద్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు అనడానికి కూడా వీల్లేదు. అరుణాచల్‌కు చెందిన సుక్ దాస్‌కు వకీలు లేకుండానే శిక్ష వేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ శిక్షనే కొట్టేసింది.

"ఉచిత వకీలు అంటే ఉత్త వకీలే" అనే మాట మన దగ్గర బాగా నడుస్తుంది. కొందరి విషయంలో అది నిజం కూడా. కానీ పైసలు తీసుకొని పేషీకి రాని వకీళ్ళను కూడా చూస్తూనే ఉన్నాం. ఉచిత వకీలు పని చేయకపోతే న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి రాసిచ్చి మార్చమని అడగొచ్చు. అడిగినవాళ్ళు తక్కువ.

ఒక్కోసారి వకీళ్ళే మూకుమ్మడిగా రాం అంటారు. 2019 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో జరిగిన సమత కేసులో నిందితుల తరఫున వాదించడానికి ఎవరూ ముందుకు రాకపోతే కోర్టే వకీలును పెట్టాల్సి వచ్చింది. 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ఆ కోపం మనకూ ఉంది. అయినా బార్ అసోసియేషన్లు ఫలానావాళ్ళ కేసు వాదించం అని తీర్మానం చేయడం చెల్లదని 2010లో మొహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవాళ వాళ్ళ మీద పెట్టిన తీర్మానం రేపు పోడు కేసులో మన మీద పెట్టరని ఏముంది?

పోడు అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలైనప్పుడు పోడు కేసులు ఎత్తేస్తామన్న మాట వినిపించింది. సభలో చెప్పినంత మాత్రాన కేసు పోదు. ప్రాసిక్యూటర్ దరఖాస్తు పెట్టాలి, కోర్టు ఒప్పుకోవాలి. పోయిందనుకొని పేషీకి పోకపోతే వారంటు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే కేసు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది చూసిపెట్టండి. ఇంకో సంగతి: మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిల్ ఇవ్వాలని కొత్త చట్టం సెక్షన్ 479 చెబుతుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. ఒకే మనిషి మీద ఒకటికంటే ఎక్కువ కేసులు ఉన్నా వర్తించదు. పోడు చేసేవాళ్ళ మీద రెండు మూడు కేసులు వరసగా పెట్టినప్పుడు ఏమవుతుందో లెక్క కట్టుకోండి. అందుకే ఒక్కో కేసునూ విడిగా ముగించుకుంటూ రావాలి.

చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, న్యాయ సేవాధికార సంస్థలు పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటాయి. దానికి లా డిగ్రీ అక్కర్లేదు. మెండోర మండలంలో గూడేనికి ఒక్కరు ఆ శిక్షణ తీసుకున్నా, రాత్రి పదింటికి పోలీసు జీపు వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన మనిషి ఊళ్ళో ఉంటాడు. లాసెట్ రాసి మూడేళ్ళ లా చదివే ఆలోచన ఉన్నవాళ్ళు డిగ్రీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. కుల పత్రం దగ్గరే మనవాళ్ళు చాలామంది ఆగిపోతున్నారు.