కట్టని మేడల చలనచిత్రములు

పంట సొమ్ము చేతికి వచ్చు దినములలో ప్లాట్ల వ్యాపారుల మనుష్యులు గ్రామములకు వచ్చుట మన సభ్యులకు క్రొత్త గాదు. పూర్వము వారు రంగు కాగితములు పంచెడివారు. ఇప్పుడు సెల్‌ఫోనులో చలనచిత్రము చూపుచున్నారు. అందు ఎత్తైన మేడలు, ఈతకొలను, నీడనిచ్చు చెట్లు కనబడును. చూచువాడు ఆ యింట తిరిగి వచ్చినట్లే భావించును. స్థలమునకు పోయి చూచినచో సరిహద్దు రాళ్లును తుమ్మ చెట్లును మాత్రమే యుండవచ్చును.

దీనిని యానిమేషన్ అందురు. ఇంజనీరు గీచిన పటమును బట్టి కంప్యూటరు మీద కల్పింతురు. ఇందు స్వతః దోషము లేదు. ప్లాను చదువనేరని వానికి గది యెట్లుండును, కిటికీ యేవైపు అను సంగతిని సులభముగా దెలుపును. కాని యేది చూపవలెనో, యేది విడువవలెనో నిర్ణయించువాడు అమ్మకందారుడే. నేడు నాటని మొక్క అందు ఇరువది యేండ్ల వృక్షమై నిలుచును. ప్రక్కనున్న కరెంటు తీగలు, వానకాలమున పొంగు వాగు కానరావు. మంచినీరు ఎచ్చటినుండి వచ్చును, మురుగు ఎచ్చటికి పోవును అను ప్రశ్నలకు చిత్రము బదులు చెప్పదు.

చట్టము రైతునకు కొంత రక్షణ కల్పించినది. 2016 నాటి రెరా చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున వేయు లేఅవుటును రిజిస్టరు చేయకుండ ప్రకటన చేయరాదు, అమ్మరాదు. రిజిస్ట్రేషను సంఖ్య ప్రకటనలో నుండవలెను. ఒప్పందము రిజిస్టరు కాకముందు వెలలో పదవ వంతునకు మించి పుచ్చుకొనరాదు. 12వ సెక్షను మరియు ముఖ్యము. ప్రకటనను నమ్మి బయానా యిచ్చినవాడు అందలి అసత్యమువలన నష్టపడినచో వ్యాపారి పరిహారమీయవలెను. విరమించుకొనగోరినచో సొమ్మంతయు వడ్డీతో తిరిగి యీయవలెను. కావున చిత్రమును చూచి మరచిపోక భద్రపరచుకొనవలెను. రేపు అదియే సాక్ష్యము కాగలదు.

అమ్మకమునకు గాక, వాటాకు భూమినిచ్చు రైతు ఇంకను జాగరూకుడై యుండవలెను. అమరావతి రాజధానికై 2015లో రైతులు సుమారు 33 వేల యెకరములు భూసమీకరణ క్రింద నిచ్చిరి. భవనముల సుందర చిత్రములు దేశమంతయు చూచెను. 2019 పిదప పనులు నిలిచి, 2025 మే 2న తిరిగి ప్రారంభమయ్యెను. ఆ నడుమ రైతులకు అండగా నిలిచినది చిత్రములు గావు; చట్టమును, ప్రభుత్వముతో చేసికొన్న ఒప్పంద పత్రములును. 2022 మార్చి 3 నాటి హైకోర్టు తీర్పునకు ఆధారమైనవి అవియే. ప్రభుత్వముతోడి వ్యవహారమందే పత్రము ఇంత యవసరమైనప్పుడు, ప్రైవేటు వ్యాపారి విషయమున చెప్పనేల?

కాబట్టి మా అభిప్రాయ మిది. చిత్రమున చూపిన ప్రతి వస్తువును, రోడ్డు వెడల్పు, నీటి వసతి, ఉద్యానవనము, గడువుతో సహా ఒప్పందములో వ్రాయింపుడు. వ్రాయుటకు వ్యాపారి వెనుదీసినచో ఆ వస్తువు రాదని యెరుంగుడు. బయానా యిచ్చుటకు ముందు రిజిస్ట్రేషను సంఖ్యను రెరా వెబ్‌సైటులో సరిచూచుకొనుడు. చదువరాని సభ్యులకు ఈ పనిలో తోడ్పడుట ప్రతి సహకార సంఘపు పాలకవర్గమునకును విధి. తరతరముల భూమి ఒక్క సంతకముతో పోవును. దానిని తిరిగి సంపాదించుట సామాన్యరైతు వశము గాదు.