మా మిద్దె జోలికి రాకండి

ప్రొద్దుటూరులో మా పాత మిద్దె పడగొట్టి కాంక్రీటు స్లాబు వేయాలని ఇంట్లో తీర్మానమైపోయింది. పొద్దస్తమానం అందులో ఉండేది నేనే. నన్నెవరూ అడగలేదు!

జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఇలాంటి మిద్దెలు మీరూ చూసే ఉంటారు. మందపాటి రాతిగోడలు, దూలాలు, దంతెలు, వాటిపైన మట్టి, అన్నిటికీ పైన చౌటినేల నుంచి తెచ్చిన చౌడుమన్ను. వాన పడగానే చౌడు మెత్తబడి సందులు పూడ్చేస్తుంది. నడిమింట్లో గవాచి నుంచి వెలుతురు దిగుతుంది. మే నెల మధ్యాహ్నం కూడా లోపల కునుకు పడుతుంది.

"ఏటేటా చౌడు ఎవరు పోస్తారు వదినా?" అంటాడు మా మరిది. నిజమే, పోయకపోతే కారుతుంది. నట్టింట్లో గిన్నెలు పెట్టుకుని కూర్చున్న రాత్రులు నాకూ ఉన్నాయి. కానీ స్లాబు పగలు తాగిన వేడంతా రాత్రి మన మీదే కక్కుతుంది. కరెంటు పోతే మోకాళ్ళ నొప్పుల అత్తమ్మను మేడ మీదికి ఎవరు ఎక్కిస్తారు?

ఇంకో విడ్డూరం చూడండి. ఎర్రగుంట్ల దగ్గర మన సున్నపురాయినే కాల్చి సిమెంటు చేసి, బస్తాల్లో మనకే అమ్ముతారు. దాంతో మనం ఉడికిపోయే ఇల్లు కట్టుకోవాలి!

పుచ్చిన దూలాలు మార్పించండి చాలు, చౌడు సంగతి నేను చూసుకుంటానన్నాను. మా మరిది నవ్వి, మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చొచ్చాడు. గునపం మాత్రం ఇంకా పడలేదు.