ఖాళీ సీట్లకు వయసు కాపలా

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మీద ఇప్పటిదాకా జరిగిన చర్చంతా మొదట నెలకు ఇస్తామన్న 5,000 రూపాయలు చాలుతాయా చాలవా అన్న చోటే గిరగిరా తిరిగింది. ఆ ప్రశ్న అడగవలసిందే. కానీ అసలు లోపం దరఖాస్తులోని వయసు గడిలో ఉంది. 2024 అక్టోబర్‌లో పథకం మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వారికే అవకాశమన్నారు. పూర్తికాలపు ఉద్యోగంలో ఉంటే అర్హత లేదన్నారు. అంటే చేస్తున్న పని తనకు సరిపడదని అర్థమై, ఇంకో వృత్తిలోకి మారేముందు దాన్ని నాలుగు రోజులు దగ్గరగా చూద్దామనుకునే 30 ఏళ్ల మనిషికి ఒకే పథకంలో రెండు తలుపులు మూశారు. గరిష్ఠ వయసును ఒకటి రెండేళ్లు పెంచితే సర్దుకునే పొరపాటు కాదిది. వృత్తి ఎంపిక జీవితంలో ఒక్కసారే, డిగ్రీ చేతికొచ్చిన కొత్తలోనే జరుగుతుందన్న నమ్మకంలోనే తప్పుంది.

ఈ వయసు పరిమితిని సమర్థించేవారు చెప్పేది ఒకటే మాట: సీట్లు తక్కువ, ముందు కుర్రవాళ్లకు దక్కనివ్వండి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే మొదటి విడతలో కంపెనీలు చూపిన అవకాశాలు 1,27,000. వాటికి 82,000 పైగా ఆఫర్లు వెళ్లాయి. చివరికి చేరినవాళ్లు సుమారు 8,700 మంది. వంద సీట్లకు ఏడుగురు కూడా కాదు. ఈ 8,700 అంకెను పక్కన పెట్టుకుని చూస్తే సీట్ల కరువు వాదన ఒక్క నిమిషం నిలవదు. పెద్దవాళ్లు వచ్చి లాక్కునే పరిస్థితే ఉంటే మిగతా లక్షా పద్దెనిమిది వేల సీట్లు ఎందుకు ఖాళీగా ఉండిపోయాయి?

ప్రకటనల రంగాన్నే తీసుకుందాం. ఇక్కడ పట్టా కంటే పోర్ట్‌ఫోలియోకే విలువ, అది పని చేస్తేనే తయారవుతుంది. హిందీలో తీసిన 30 సెకన్ల ప్రకటనకు తెలుగు మాటలు రాయమంటే, 'లీజియే' అన్న వ్యవధిలో 'తీసుకోండి' ఇమడాలి. ఒక అక్షరం ఎక్కువ, పెదవుల కదలిక వేరు, ఆపైన అది తెలుగు ఇంట్లో మాట్లాడే మాటలా వినపడాలి. ఇది తనకు చేతనవుతుందో లేదో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికో, బడి టీచరుకో తేలాలంటే ఏజెన్సీలో కూర్చుని, రాసింది క్లయింటు తిప్పికొడితే మళ్లీ రాసి చూడాలి. అలా మారినవాళ్లు ఈ రంగంలో అనామకులేమీ కారు. పీయూష్ పాండే రాజస్థాన్ తరఫున రంజీ ఆడారు, టీ రుచిచూసే ఉద్యోగం చేశారు, ఆ తరువాతే 1982లో ఓగిల్వీ ఏజెన్సీలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. ఈ పథకం లెక్కన మూడేళ్లు ఆలస్యం.

ప్రభుత్వ తలుపు మూసుకుంటే ఇక మిగిలేది ఏజెన్సీల దయ. 'పని నేర్పుతున్నాం కదా, డబ్బులెందుకు' అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఉత్తినే పక్కన కూర్చుని చూసేవాడి విషయంలో ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ అతను రాసిన హెడ్‌లైన్ క్లయింటు ముందుకు వెళ్లి, దానికి ఏజెన్సీ బిల్లు వేసిన క్షణాన అది శిక్షణ కాదు, కూలి. 1943లో సత్యజిత్ రాయ్ కలకత్తాలోని డి.జె. కీమర్ ఏజెన్సీలో జూనియర్ విజువలైజర్‌గా చేరినప్పుడు నెలకు 80 రూపాయలు ఇచ్చారు. అప్పటికి ఆయన కొత్తవాడే, ఆయనకూ పని నేర్పే ఉంటారు. జీతం లేని మూడు నెలలను భరించగలిగేది ఇంట్లో ఆధారం ఉన్నవాళ్లే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు నెత్తిన ఉన్నవాడు తొంగి చూడకుండానే వెనక్కి తిరుగుతాడు.

వయసు వచ్చినవాళ్లు సరదాకు చేరి మధ్యలో మానేస్తారనేది ఇంకో అభ్యంతరం. మానేయనివ్వండి. ఉన్న ఉద్యోగం వదులుకుని రెండేళ్ల తరువాత పశ్చాత్తాపపడటం కన్నా ఆరు వారాల్లో ఇది నా పని కాదని తెలుసుకోవడం అతనికీ లాభం, ఏజెన్సీకీ లాభం. సింగపూర్ 2020లోనే కెరీర్ మధ్యలో ఉన్నవారి కోసం కంపెనీల్లో భత్యంతో కూడిన శిక్షణ పెట్టింది. అంత దూరం పోనక్కర్లేదు. ఖాళీ సీట్లలో కొన్నింటిని మూడు నెలల వ్యవధికి కుదించి, వయసు గడి కొట్టేసి, సెలవు పెట్టి వచ్చే ఉద్యోగిని కూడా రానివ్వమనే అడుగుతున్నాం. అది కూడా కుదరదంటారా? 1,27,000 కుర్చీలు వేసి 8,700 మందిని కూర్చోబెట్టిన కార్పొరేట్ వ్యవహారాల శాఖకు గుమ్మంలో నిలబడి వయసు అడిగే హక్కు ఎక్కడిది?